బిందెకు ఒక మాత్ర



మీ ఇంట్లో నీళ్ల బిందె ఉంటే ఒకసారి దానివైపు చూడండి. మామూలు బిందె పదిహేను, పదహారు లీటర్లు పడుతుంది. ఆ బిందెడు నీళ్లలో ఒక సిప్రోఫ్లాక్సాసిన్ మాత్ర, ఐదువందల మిల్లీగ్రాములది, వేసి కరిగించారనుకోండి. మూత్రంలో మంట వచ్చినప్పుడో, టైఫాయిడ్ అనుమానం ఉన్నప్పుడో డాక్టరు రాసే మాత్ర అది. మనలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు మింగే ఉంటాం.

బిందెకు ఒక మాత్ర. మన పటాన్‌చెరులోని ఒక ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చే నీళ్లను స్వీడన్ శాస్త్రజ్ఞులు పరీక్షించి 2007లో ప్రకటించిన పాకం ఇంచుమించు ఇదే. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్. ఇవి శుద్ధికి ముందరి నీళ్లు కావు. శుద్ధి చేశాక వాగులోకి వదిలిన నీళ్లు.

నేను డాక్టర్ని కాను. నీళ్లు పరీక్షించే ప్రయోగశాలలో చాలా ఏళ్లు సీసాలు కడిగి, టైట్రేషన్లు చేసి, రిటైరైన కెమిస్టుని. అందుకని ఈ కథను మందు వైపు నుంచి కాక సీసా వైపు నుంచి చెప్తాను.

మురుగునీటిలో మురికి ఎంతుందో కనిపెట్టడానికి బీఓడీ అనే పరీక్ష ఉంది. సూత్రం చాలా సులువు. నీళ్లలోని సూక్ష్మజీవులు మురికిని తింటాయి. తింటూ ఆక్సిజన్ పీల్చుకుంటాయి. మురికి ఎక్కువుంటే ఆక్సిజన్ ఖర్చు ఎక్కువ. గాజు సీసా నిండా నీళ్లు పట్టి, గాలి బుడగ లేకుండా బిరడా బిగించి, 27 డిగ్రీల వేడిలో మూడు రోజులు చీకట్లో ఉంచుతాం. మూడో నాడు తీసి మాంగనీస్ సల్ఫేటు, క్షారం కలిపిన అయొడైడు పోస్తే అడుగున గోధుమరంగు గడ్డ కడుతుంది. ఆమ్లం పోసి కరిగించి, గంజి ద్రావణం వేస్తే నీలమవుతుంది. దానిమీద హైపో బొట్టు బొట్టుగా వదులుతుంటే ఒక బొట్టు దగ్గర నీలమంతా చటుక్కున మాయమవుతుంది. ఆ క్షణం మీద నాకు ఇప్పటికీ మోజు తీరలేదు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకసారి మందుల ఫ్యాక్టరీల వైపు నుంచి శాంపిల్ వచ్చింది. డికాక్షన్ రంగు. మూత తీస్తే కళ్లు మండే వాసన. రసాయనంతో మురికిని మండించి కొలిచే పరీక్ష ఇంకొకటి ఉంది, సీఓడీ అంటారు. అది చేస్తే అంకె ఆకాశాన్నంటింది. సూక్ష్మజీవులతో తినిపించి కొలిచే బీఓడీ మాత్రం పాతాళంలో ఉంది. ఆ ఒక్క కాగితమే చూస్తే బావి నీళ్లనుకోవచ్చు. ఎక్కడో తప్పు చేశానని భయపడి మా సీనియర్‌కి చూపించాను. ఆయన నవ్వి, "ఇంకా పలచన చెయ్యి" అన్నారు. పదిరెట్లు పలచన చేశాను. బీఓడీ పెరిగింది. నూరు రెట్లు చేశాను. ఇంకా పెరిగింది. మంచినీళ్లు కలిపేకొద్దీ మురికి పెరగడమేమిటని అడిగితే, "తినేవాళ్లు బతికుంటే కదా తినేది" అన్నారు.

అంటే ఆ నీళ్లలో ఏదో ఉంది. అది నా సీసాలోని సూక్ష్మజీవుల్ని చంపుతోంది. అవి చచ్చాయి కాబట్టి మురికి తినలేదు. తినలేదు కాబట్టి నీళ్లు శుభ్రంగా ఉన్నట్టు అంకె వచ్చింది. పలచన చేస్తే విషం విరిగి, అవి ప్రాణం పోసుకుని, తినడం మొదలుపెట్టాయి. ఆ విషం యాంటీబయాటిక్కే అయి ఉండాలని లేదు, ఫ్యాక్టరీల్లో వాడే ద్రావకాలు కూడా అంతపనీ చేయగలవు. ఏమిటన్నది తేల్చే పని నాది కాదు. దానికి నా రిజిస్టరులో గడి లేదు. పీహెచ్, రంగు, తేలియాడే మట్టి, సీఓడీ, బీఓడీ, నూనె గ్రీజు, వీటికే గడులు. మందుల ఫ్యాక్టరీ నీళ్లకు మందు పేరుతో గడి లేకపోవడం విడ్డూరమని అప్పుడు నాకు తోచనే లేదు.

ఇంకోసారి శాంపిళ్ల కోసం ఇసుకవాగు వెంట నడుస్తుంటే బర్రెలు కాసుకుంటున్న ఒక పెద్దమనిషి ఎదురయ్యాడు. నా చేతిలో సీసాలు చూసి, "సారూ, గీ నీళ్లల్ల ఏమున్నదో మీకు ఎరుకైతదా?" అని అడిగాడు. "ఎందుకు ఎరుకగాదు తాతా, రెండు మూడు రోజుల్ల ఎరుకైతది" అన్నాను. ఆయనతో నేనన్నది అబద్ధమని నాకు అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది.

ఈ నీళ్లు ఇక్కడికే ఎందుకొచ్చాయో కొంచెం చెప్పాలి. 1960లలో సోవియట్ సహకారంతో బాలానగర్‌లో ఐడీపీఎల్ అనే ప్రభుత్వ మందుల కర్మాగారం వెలిసింది. 1970 పేటెంట్ల చట్టం మందు మీద కాకుండా మందు తయారుచేసే పద్ధతి మీద మాత్రమే హక్కు ఇచ్చింది. అదే మందును వేరే దారిలో వండగలిగినవాడిదే రాజ్యం. ఐడీపీఎల్‌లో పని నేర్చిన కెమిస్టులు బయటికి వచ్చి సొంత పొయ్యిలు పెట్టుకున్నారు. జీడిమెట్ల, బొల్లారం, పటాన్‌చెరు, పాశమైలారం. అక్కడ తయారయ్యేది మాత్ర కాదు, మాత్రలోని అసలు సరుకు, బల్క్ డ్రగ్. ప్రపంచంలో ఎవరెవరి జ్వరమో అప్పటి మన మెదక్ జిల్లా పొడితో తగ్గింది. ఆ మాట గర్వంగానే చెప్తాను. సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి మందు పేదవాడికి అందే ధరకు దిగింది ఈ పొయ్యిల వల్లే.

పొయ్యి కడిగిన నీళ్లు మాత్రం వాగులోకి పోయాయి. ఇసుకవాగు నక్కవాగులో కలుస్తుంది, నక్కవాగు మంజీరలో కలుస్తుంది, మంజీర కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. పటాన్‌చెరులో వైద్యం చేస్తూ, తన దగ్గరికి వచ్చే రోగుల్ని చూసి, ఈ నీళ్ల మీద దశాబ్దాలు పోరాడిన డాక్టర్ కిషన్‌రావు గారిని ఇక్కడ తలచుకోవాలి. 1990లో సుప్రీంకోర్టు గడప తొక్కిన వ్యాజ్యం హైకోర్టుకు మారి, అక్కణ్ణుంచి హరిత ట్రైబ్యునల్‌కు చేరి, 2017లో గాని తీర్పు వెలువడలేదు. ఈ లోగా 1994లో ఉమ్మడి శుద్ధి కేంద్రం వచ్చింది. ఫ్యాక్టరీల నుంచి ట్యాంకర్లలో వ్యర్థజలం అక్కడికి చేరేది. స్వీడన్ వాళ్లు చూసిననాటికి దాదాపు తొంభై కంపెనీల నీళ్లు అక్కడికి వచ్చేవి.

గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన యోకిమ్ లార్సన్ బృందం సీసాలు పట్టుకుని వచ్చింది ఆ కేంద్రం గుమ్మంలోకే. వాళ్ల యంత్రం మా గాజు సీసా లాంటిది కాదు. నీళ్లలోని ఒక్కొక్క అణువును విడదీసి, తూకం వేసి, పేరు పెట్టి పిలవగలదు. 59 మందుల కోసం వెతికారు. వాటిలో 11 మందులు లీటరుకు 100 మైక్రోగ్రాములకు పైనే దొరికాయి. బీపీకి వాడే లోసార్టాన్, జలుబుకు వేసుకునే సెట్రిజిన్ కూడా ఉన్నాయి. అన్నిటికన్నా ఎక్కువ సిప్రోఫ్లాక్సాసిన్. ఆ మాత్ర వేసుకున్న మనిషి రక్తంలో ఉండేదానికంటే వాగులో వదిలిన నీళ్లలో అది ఎక్కువుంది. ఒక రోజులో పోయేది సుమారు 45 కిలోలని లెక్కగట్టారు. అప్పట్లో 90 లక్షల జనాభా ఉన్న స్వీడన్ దేశమంతా కలిసి ఐదు రోజుల్లో వాడిన మందు అది. మాత్రల్లో చెప్పుకుంటే రోజుకు తొంభై వేలు.

వ్యాపారం తెలిసినవాళ్లకు ఇక్కడ ఒక సందేహం రావాలి. 45 కిలోల సరుకు రోజూ కాలవలో పారబోసే వ్యాపారి ఎవడైనా ఉంటాడా? నాకూ అదే అనిపించింది. జవాబు కూడా అందులోనే ఉంది. ఆ సరుకు అంత చవకైపోయింది. కడిగిన నీళ్లలోంచి దాన్ని తిరిగి పట్టుకోవడానికయ్యే ఖర్చుకంటే వదిలేయడమే లాభం.

తరువాతి విడతలో వాళ్లు చెరువులు, బావులు చూశారు. రెండు చెరువుల్లో మందులు దొరికాయి. ఒకదాంట్లో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 6.5 మిల్లీగ్రాములు. చుట్టుపక్కల ఊళ్ల బావి నీళ్లలోనూ మందుల జాడలు తేలాయి. ఆ తరువాత 2016లో నమూనాలు తీసుకుని జర్మనీ వాళ్లు చేసిన పరీక్షలో, పటాన్‌చెరు బొల్లారం ప్రాంతపు ఒక మురుగుకాలవలో ఫ్లూకొనజోల్ అనే బూజు మందు లీటరుకు 237 మిల్లీగ్రాములు తేలింది. డాక్టర్లు రాసే ఆ మాత్ర 150 మిల్లీగ్రాములది. బిందె లెక్కన చెప్పాలంటే బిందెకు పాతిక మాత్రలు.

సరే, మందే కదా, క్రిముల్ని చంపితే నీళ్లు శుభ్రపడతాయి గదా అని నన్ను అడిగినవాళ్లున్నారు. వెటకారం కాదు, నిజంగానే అడిగారు. మంచి ప్రశ్న. మందు క్రిములన్నిటినీ చంపదు. లొంగేవాటిని చంపుతుంది. లొంగనివాటికి పోటీ లేకుండా చేస్తుంది. కలుపు తీసినట్టు కాదు, పైరు తీసేసి కలుపును వదిలినట్టు. పైగా సూక్ష్మజీవుల మధ్య ఒక చిత్రమైన ఇచ్చిపుచ్చుకోవడం ఉంది. మందును తట్టుకునే విద్య ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ చుట్టలో ఉంటే, ఒక క్రిమి దాన్ని పక్కనున్న క్రిమికి నేరుగా అందిస్తుంది. కులం, గోత్రం, జాతి ఏదీ అడ్డు రాదు. వాగు అడుగున బురదలో నిరపాయంగా బతికే క్రిమికున్న విద్య, మనిషి పేగుల్లోంచి వచ్చిన ఇ. కోలైకి చేరుతుంది.

ఇవి రెండూ కలవాలంటే ఒకచోట చేరాలి గదా. శుద్ధి కేంద్రంలో మురికిని తినే సూక్ష్మజీవులు చురుగ్గా ఉండాలని ఫ్యాక్టరీ నీళ్లకు ఊరి మురుగు కూడా కలిపేవారు. నా సీసాలో తినేవాళ్లు చచ్చినట్టే వాళ్ల తొట్టిలోనూ చస్తుంటే, కొత్తవాళ్లను తెచ్చి దించడమన్నమాట. ఆ రోజుల్లో అక్కడ నేనుంటే నేనూ అదే సలహా ఇచ్చేవాణ్ణేమో. ఇంజనీరుకు అది మామూలు ఉపాయం. కాని మనిషి పేగుల్లో ఉండే క్రిముల్ని తెచ్చి తొంభై కంపెనీల మందుల మధ్య బడిలో వేసినట్టయింది.

బడిలో ఏం నేర్చుకున్నాయో కూడా చూశారు. ఈ ప్రాంతంలోనే ఉన్న కాజిపల్లి చెరువు బురదలోని డీఎన్ఏను మొత్తంగా చదివి 2014లో ప్రకటించిన అధ్యయనం ఒకటుంది. మందుల్ని తట్టుకునే జన్యువులు స్వీడన్‌లోని ఒక చెరువుతో పోలిస్తే అక్కడ సుమారు 7000 రెట్లు ఎక్కువ. ఆ స్వీడన్ చెరువులో అలాంటి జన్యువులు ఎనిమిదే దొరికాయి.

ఇక ఆ నీళ్లకు వేసిన పైపులైను సంగతి. మంజీర వైపు నీళ్లు పాడవుతున్నాయన్న గోల ఫలితంగా, శుద్ధి కేంద్రం నుంచి అంబర్‌పేట మురుగు శుద్ధి కేంద్రానికి నీళ్లు చేరేలా గొట్టం వేశారు. 2009 నుంచి ఆ నీళ్లు నగరపు మురుగులో కలిసి, శుద్ధై, మూసీలోకి పోయాయి. మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. అంటే గోదావరికి పోయే మందును కృష్ణకు మళ్లించామన్నమాట. ఇసుకవాగు ఒడ్డున ఉన్నవాళ్లకు కొంత ఊరట దక్కింది, ఆ మాట కాదనను. అధికారులు దీనికి చెప్పిన కారణం పలచనే. నగరమంతటి మురుగులో కలిస్తే ఇదెంత అని.

నాకు మా సీనియర్ మాట గుర్తొచ్చింది, ఇంకా పలచన చెయ్యి. పలచన చేస్తే క్రిములు చావవు, బతుకుతాయి. బతికి నేర్చుకుంటాయి. ఎంత పలచనైతే అవి నేర్చుకోవడం మానేస్తాయని కూడా లార్సన్, ఆయన సహచరుడు బెంగ్ట్‌సన్ పాల్మే కలిసి 2016లో అంచనా కట్టారు. సిప్రోఫ్లాక్సాసిన్‌కు ఆ గీత లీటరుకు 0.064 మైక్రోగ్రాములు. లీటరుకు 31 మిల్లీగ్రాములున్న నీళ్లను ఆ గీత కిందికి తేవాలంటే ఒక్క బిందెకు దాదాపు నాలుగు లక్షల ఎనభై నాలుగు వేల బిందెల మంచినీళ్లు కలపాలి. మూసీలో అన్ని మంచినీళ్లు ఎక్కణ్ణుంచి తెస్తాం? వానాకాలం దాటితే అందులో పారేదే మురుగు. సిప్రోఫ్లాక్సాసిన్ తరగతి మందుల్ని మూసీలో ఐఐటీ హైదరాబాద్ పరిశోధకులు కూడా కనుగొన్నారు. పీర్జాదిగూడ దాటాక ఆ నీళ్లతోనే పచ్చగడ్డి పెరుగుతుంది, ఆ గడ్డి మేసిన బర్రెల పాలే నగరానికి తిరిగొస్తాయి.

అంతా కంపెనీల మీదికి తోసేసి చేతులు కడుక్కోవడం కూడా న్యాయం కాదు. మనం మింగిన సిప్రోఫ్లాక్సాసిన్‌లో సగానికి దగ్గరగా మారకుండా మూత్రంలో పోతుంది. అమాక్సిసిలిన్ అయితే ఇంకా ఎక్కువ. చీటీ లేకుండా మందుల షాపులో రెండు మాత్రలు కొనుక్కున్నవాడూ, ఆసుపత్రి వార్డూ, కోళ్ల ఫారమూ కాలవకు తలా కొంత ఇస్తూనే ఉంటారు. కాకపోతే పెన్సిలిన్ జాతి మందులు నీళ్లలో త్వరగా విరిగిపోతాయి. సిప్రోఫ్లాక్సాసిన్ అలా కాదు, బురదకు అతుక్కుని కూర్చుంటుంది. ఇంటి మురుగుకూ ఫ్యాక్టరీ గొట్టానికీ ఉన్న తేడా మోతాదులో ఉంది. ఒకటి చినుకు, రెండోది తూము.

ఫ్యాక్టరీల ఊసు లేకుండానే ఢిల్లీలో ఏమైందో చూడండి. 2011లో బ్రిటన్ శాస్త్రజ్ఞులు ఢిల్లీ వీధుల్లో నిలిచిన నీళ్లు, కుళాయి నీళ్లు తీసుకెళ్లి పరీక్షించారు. చివరి అస్త్రాల్లాంటి కార్బాపెనెమ్ మందుల్ని విరగ్గొట్టే ఎన్‌డీఎమ్-1 జన్యువు, 171 నిలవ నీటి నమూనాల్లో 51 చోట్ల, 50 కుళాయి నమూనాల్లో రెండు చోట్ల కనిపించింది. ఆ పేరులో ఎన్‌డీ అంటే న్యూఢిల్లీ. దానికి మన ఊరి పేరు ఎందుకు పెట్టారని అప్పట్లో పెద్ద రభస జరిగింది. కోపం న్యాయమైనదే. కాని నీళ్ల మీద జరగాల్సిన చర్చలో సగం పేరు మీదే జరిగిపోయింది.

ఇంతకీ మా కుళాయి నీళ్లు తాగొచ్చా అని మీరు అడుగుతారు. పుకార్లు పుట్టకముందే చెప్పేస్తాను. కుళాయిలో వచ్చే మందు జాడ మిమ్మల్ని నేరుగా జబ్బు చేసేంత ఉండదు. భయపడాల్సింది మొండి క్రిమిని చూసి. అదీ మందుకే మొండిది, మంటకు కాదు. నీళ్లు కళపెళా మరిగితే మొండిదీ చస్తుంది, మెత్తనిదీ చస్తుంది. కాచితే మందు పోదు, క్రిమి పోతుంది. సరైన క్లోరిన్‌కూ అవి లొంగుతాయి. మొండి క్రిమితో అసలు కష్టం అది ఒంట్లో చేరి, ఏ కోతకో కాన్పుకో ఆసుపత్రిలో పడుకున్ననాడు తెలుస్తుంది. 2019 ఒక్క ఏడాదిలో, మందుకు లొంగని బాక్టీరియా నేరుగా కారణమై, ప్రపంచంలో 12 లక్షల 70 వేల మంది పోయారని అంచనా.

మళ్లీ నా రిజిస్టరు దగ్గరికి వస్తాను. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ఒక ముసాయిదా తెచ్చింది. బల్క్ డ్రగ్ కంపెనీలు వదిలే నీళ్లలో 121 యాంటీబయాటిక్కులు ఒక్కొక్కటి ఎంతవరకు ఉండొచ్చో అంకెలతో రాశారు. నాలాంటివాళ్లు పండగ చేసుకున్నాం. గడి వచ్చింది, ఒకటి కాదు, నూట ఇరవై ఒకటి. 2021 ఆగస్టులో తుది ప్రకటన వచ్చింది. సీఓడీ, బీఓడీ ఉన్నాయి. నూట ఇరవై ఒకటీ లేవు. కంపెనీలు చెప్పిన ఇబ్బందుల్లో అబద్ధం కానివీ ఉన్నాయి. చిన్న యూనిట్లకు ఆ యంత్రాలు భారం, కొనేవాడు ధర పైసా పెంచడు. చుక్క బయటికి పోకుండా నీళ్లన్నీ ఆవిరి చేసి తిరిగి వాడుకునే ఏర్పాటు ఇప్పటికే పెట్టుకున్న పెద్ద కంపెనీలూ ఉన్నాయి, వాళ్లను తక్కువ చేయను. 2024 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ యాంటీబయాటిక్కుల తయారీ వ్యర్థాల మీద మొదటిసారి మార్గదర్శకాలిచ్చింది. అది సలహా. చట్టం కాదు.

కొత్త పొయ్యిలు మాత్రం వెలుగుతూనే ఉన్నాయి. విశాఖ దగ్గర పరవాడలో ఫార్మా సిటీ ఉంది. కేంద్రం ఆమోదించిన బల్క్ డ్రగ్ పార్కుల్లో ఒకటి ఆంధ్రప్రదేశ్‌కు వచ్చి, అనకాపల్లి జిల్లా నక్కపల్లి దగ్గర తయారవుతోంది. పరిశ్రమ మీ పక్కకు వచ్చే ముందు చాలాసార్లు ప్రజాభిప్రాయ సేకరణ జరుగుతుంది. షామియానా వేస్తారు, కలెక్టరు తరఫున అధికారి కూర్చుంటారు, లావుపాటి నివేదిక బల్లమీద పెడతారు. మైకు మీ చేతికిస్తే, పేజీలు తిప్పి, నీళ్ల పట్టిక ఎక్కడుందో చూడండి. పీహెచ్, సీఓడీ, బీఓడీ అన్నీ వరసగా ఉంటాయి. ఉద్యోగాలెన్ని, పరిహారమెంత అని అడిగాక, ఇసుకవాగు ఒడ్డున ఆ తాత అడిగిందే అడగండి. మీరు తయారుచేసే మందు, మీరు వదిలే నీళ్లలో లీటరుకు ఎన్ని మైక్రోగ్రాములుంటుంది, ఎవరు కొలుస్తారు, ఆ కాగితం మాకు ఎక్కడ కనిపిస్తుంది? బీఓడీ తక్కువే ఉందని జవాబిస్తే, సీసాలో తినేవాళ్లు బతికే ఉన్నారా అని ఇంకొక ప్రశ్న వేయండి. అక్కడ ఎవరో ఒక కెమిస్టు కూర్చునే ఉంటాడు. అతనికి అర్థమవుతుంది.